ఉప్పెద్దులు నడిచిన దారి

నా చేతిరాత బాగుంటుందని మా ఆస్పత్రిలో పేరు. మీటింగుల్లో డాక్టర్లు నా రిజిస్టరు పైకెత్తి చూపించి మిగతా నర్సులను తిట్టేవాళ్లు. ఇంటింటికీ నెంబరు, మనిషి మనిషికీ వరస, కింద ఎర్రసిరా గీత. దాని మీద నాకు గర్వం ఉండేది, ఎందుకు లేదనాలి? ఇప్పుడు కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆడపిల్లలు రిజిస్టర్లు ఎట్లా రాయాలో చెప్పమని మా ఇంటికి వస్తుంటారు. కాఫీ ఇచ్చి, కూర్చోబెట్టి నేర్పిస్తాను. లేచి పోయేముందు మాత్రం, అంత చక్కటి రిజిస్టరు వల్ల ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చిన సంగతి వినిపోండి అంటాను. వాళ్లకు చెప్పినట్టే మీకూ చెప్తాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో నన్ను నల్లమాడ వైపు ఒక సబ్‌సెంటర్‌కు వేసినారు. అది కరువు బాగా ముదిరిన కాలం. వేసిన శెనక్కాయ వేసినట్టే ఎండిపోయేది. బోర్లలో గాలి తప్ప నీళ్లు వచ్చేవి కావు. నా కింద ఆరు ఊర్లు, వాటికి తోడు వంకకు అవతల ఒక ఎరుకల కాలనీ. ముప్పై ఇండ్లుంటాయి. మగవాళ్లు ఈత బరిగెలు కోసుకొచ్చి గంపలు అల్లేవాళ్లు, పందులు మేపేవాళ్లు. ఆడవాళ్లలో కొందరు ఊర్లు తిరిగి ఎరుక చెప్పేవాళ్లు. పంటే లేనప్పుడు గంప ఎవరికి కావాల? అల్లిన గంపలు ఇండ్ల ముందర ఒకదాంట్లో ఒకటి బోర్లించి ఉండేవి.

నాకంటే ముందు పనిచేసిన నర్సు చార్జి అప్పగించేటప్పుడు, ఆ కాలనీతో పెట్టుకోవద్దు అన్నది. పోతే మగవాళ్లు ఇండ్లలో ఉండరంట. పేరడిగితే ఒకే మనిషి మూడు పేర్లు చెప్తాడంట. నాకు పంతం వచ్చింది. నేనైతే ఒక్క మనిషి కూడా తప్పిపోకుండా రాస్తానని అనుకున్నాను. రెండు నెలలు తిరిగి, ఆడవాళ్లను మంచి చేసుకుని అందరి పేర్లూ రాసుకున్నాను. పేర్లు ఎందుకు దాస్తున్నారని మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు.

ఆ కాలనీ మొదటి ఇంట్లో ఒక ముసలి దంపతులు ఉండేవాళ్లు. అవ్వ ఎప్పుడు చూసినా బరిగెలు చీలుస్తూ ఉండేది. తాత మాటకారి కాదు. పొద్దు వాలే వేళకు రోజూ లేచి, పంచె సర్దుకుని, వాకిట్లో బాటవైపు తిరిగి నిలబడేవాడు. పొద్దు పూర్తిగా కుంకిన తర్వాత లోపలికి పోయేవాడు. సూర్యుడికి దండం పెట్టుకుంటున్నాడేమో, ఎంత భక్తో అనుకునేదాన్ని. వాళ్ల కొడుక్కు ముప్పై అయిదేళ్లుంటాయి. ఆ చుట్టుపక్కల అంత గట్టి గంప అల్లేవాడు లేడని చెప్పుకునేవాళ్లు. నేను పోయినప్పటినుంచి అతని చేతిలో బరిగె చూడలేదు. లోపల గోడవైపు తిరిగి కూర్చుని ఉండేవాడు. ఏమైందని అతని పెండ్లాన్ని అడిగితే ఒళ్లు బాగలేదనేది. జ్వరం చూసినాను, లేదు. అప్పటికి నాకు తెలిసిన జబ్బులన్నీ జ్వరం నుంచే మొదలయ్యేవి.

ఆ ఏడు మలేరియా ఎక్కువైంది. ఇంటింటా రక్తం తీసి పరీక్షకు పంపమని ఆర్డరు వచ్చింది. నాకు తోడుగా మలేరియా పని చూసే ఆయనను పంపినారు. నాకంటే పదేళ్లు పెద్ద. నేను అన్నా అనేదాన్ని, ఆయన నన్ను సిస్టరమ్మా అనేవాడు. మంచి మనిషి, కష్టజీవి. ఉద్యోగంలో చేరినప్పుడు ఇచ్చిన ఖాకీ బట్టలు ఉతికి ఇస్త్రీ చేసి వేసుకునేవాడు. మెడలో ఒక విజిలు. మందు చల్లే కూలీలను పిలవడానికి తెచ్చుకున్నది, తర్వాత జనాన్ని పిలవడానికి కూడా అదే పనికొచ్చింది.

ఒకరోజు పొద్దున్నే ఇద్దరం కాలనీకి పోయినాము. ఇంటింటికీ తిరిగితే మధ్యాహ్నం అవుతుంది, అందరినీ ఒకచోట నిలబెట్టి పేర్లు పిలుస్తే గంటలో అయిపోతుందని చెప్పింది నేనే. ఆయన కాదు, నేను. ఆయన కాలనీ మధ్యలో నిలబడి విజిలు ఊదినాడు. నేను రిజిస్టరు తెరిచి పేర్లు చదవడం మొదలుపెట్టినాను.

మూడో పేరు చదివేటప్పటికి ఇండ్ల వెనక అలికిడి అయింది. తలెత్తి చూస్తే మగవాళ్లు కంపచెట్లు దాటుకుని గుట్టవైపు పరుగెత్తుతున్నారు. ఆ ముసలి దంపతుల కొడుకు అందరికంటే ముందు పోతున్నాడు. నెలల తరబడి గోడవైపు కూర్చున్న మనిషి అంత వేగంగా పరుగెత్తగలడని నాకు తెలియదు. రక్తం తీస్తారని భయపడినారు అనుకుని మలేరియా అన్న నవ్వినాడు. నేనూ నవ్వినాను.

మేము నవ్వుతుండగా తాత వచ్చినాడు. మా ముందర గొంతుక్కూర్చున్నాడు. రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టి తల వంచుకున్నాడు. అతని పేరు నేనింకా పిలవనే లేదు. తనే, “హాజర్ సామీ” అన్నాడు.

నా నవ్వు ఆగిపోయింది. ఎందుకు ఆగిందో ఆ నిమిషానికి తెలియదు. డెబ్బై అయిదేళ్ల మనిషి, తన వాకిట్లో, ఇరవై ఎనిమిదేళ్ల నా కాళ్ల ముందర అట్లా కూర్చోవడం చూడలేక, లేవండి తాతా అన్నాను. ఆయన లేవలేదు. ఇంటి పేరు, తండ్రి పేరు, తన పేరు వరసగా చెప్పి, ఇంట్లో ఎంతమంది ఉన్నారో, ఎవరు ఏ ఊరికి పోయినారో, ఎప్పుడొస్తారో అన్నీ అప్పజెప్పినాడు. అప్పుడు అవ్వ వచ్చి ఆయన రెక్క పట్టుకుని లేపుకుని పోయింది. నావైపు చూడను కూడా చూడలేదు.

మధ్యాహ్నానికి మగవాళ్లు ఒక్కొక్కరే తిరిగొచ్చినారు. అవ్వ కొడుకు రాలేదు. అతని పెండ్లాం వెతకడానికి బయలుదేరింది. నేనూ వెంట పోయినాను. వద్దనలేదు, రమ్మనలేదు. పోతూ పోతూ దారిలో తనే చెప్పింది. నాలుగు నెలల కింద ఎవరి తోటల్లోనో కరెంటు మోటార్లు పోయినాయంట. పోలీసులు ఈయనను పట్టుకుపోయినారు. ఏ స్టేషనో నేను చెప్పను, ఆ సంగతి ఇక్కడ అక్కర్లేదు. అయిదు రోజులు పెట్టుకున్నారు. తర్వాత ఆ మోటార్లు ఇంకెక్కడో, ఇంకెవరి దగ్గరో దొరికితే పొమ్మన్నారు. ఇంటికొచ్చినాడు, స్నానం చేసినాడు, గోడవైపు తిరిగి కూర్చున్నాడు. అంతే. అప్పటినుంచి నిద్ర లేదు, మాట లేదు, పని లేదు.

ఇదంతా నాకెందుకు చెప్పలేదు అని అడిగినాను. ఆమె నిలబడి నా ముఖంలోకి చూసింది.

“చెప్దామనే అనుకుంటి నర్సమ్మా. నువ్వు వస్తాండావు, పిల్లోళ్లకు సూది వేస్తాండావు, మంచిదే అనుకుంటిమి. ఈ పొద్దు విజిలు తెచ్చినావు.”

ఆమె మళ్లీ నడిచింది. నేను వెనకే పోయినాను.

పొద్దు వాలేలోపల అతను దొరికినాడు. రెండు మైళ్ల అవతల ఎండిపోయిన దిగుడుబావి ఒకటి ఉంది. దాని గట్టుమీద తువ్వాల కనిపించి ఆమె గబగబా మెట్లు దిగింది. అతను అడుగుమెట్టు మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు. పక్కన పాత మోకు ఒకటి ఉంది. అది ఎందుకని నేను అడగలేదు. ఆమె కూడా అడగలేదు. దాన్ని తీసి తన నడుముకు గట్టిగా చుట్టుకుంది, మళ్లీ అతనికి దొరకకుండా. తర్వాత పక్కన కూర్చుని, ఇంటికి పోదాం రా అన్నది. నేను పైమెట్టు మీదనే ఉండిపోయినాను. అతను లేచి, ఒక్కో మెట్టూ ఎక్కి పైకి వచ్చినాడు. ఆ రోజు అతను దొరకకపోయి ఉంటే నేను ఈ ఉద్యోగం చేసేదాన్ని కాదు. చేసినా ఎవరికీ ఏదీ నేర్పేదాన్ని కాదు.

మరుసటిరోజు మా డాక్టరుకు అంతా చెప్పినాను. ఆయన కోస్తా నుంచి వచ్చిన చిన్న వయసు మనిషి. మా యాసకు మొదట్లో తడబడేవాడు, కానీ చెవి పెట్టి వినేవాడు. సస్పెండు చేస్తాడేమో అనుకున్నాను. ఆయన, “వాళ్లు ఎందుకు పారిపోయారో మనకు తెలియదు. ముందు అది తెలుసుకుందాం పదండి” అన్నాడు. జీపు వద్దన్నాడు. బస్సు దిగి నడిచిపోయినాము. మలేరియా అన్న కూడా వచ్చినాడు. లుంగీ, తెల్ల చొక్కా వేసుకుని వచ్చినాడు. ఆయన కండ్లు ఎర్రగా ఉన్నాయి.

డాక్టరు పోయి తాత పక్కన నేలమీద కూర్చుని, మా తప్పు జరిగింది, ఎందుకు జరిగిందో చెప్పండి తాతగారూ అన్నాడు. ముసలాయనకు గారూ అన్న మాట అలవాటు లేదు. నెమ్మదిగా చెప్పినాడు. అందులో కోపం లేదు, ఏడుపు లేదు.

తెల్లదొరల కాలంలో వాళ్ల కులం మొత్తాన్నీ దొంగల జాతి అని పుస్తకంలో రాసినారంట. పుట్టిన బిడ్డ కూడా అందులోకే. మగవాళ్ల వేలిముద్రలు తీసుకున్నారు. పొద్దు కుంకేవేళకు విజిలు వేస్తే అందరూ వచ్చి వరసగా గొంతుక్కూర్చోవాలి. పేరు పిలిస్తే హాజర్ అనాలి. పక్క ఊరికి పోవాలన్నా చీటీ రాయించుకోవాలి. తాత పెండ్లికి మూడునాళ్ల చీటీ ఇచ్చినారు. పిల్ల ఊరికి నడక ఒకటిన్నర దినం. తాళి కట్టినాడు, పెండ్లి కూడు తినకుండానే వెనక్కి తిరిగినారు. కొత్త పెండ్లికూతురు, అంటే ఈ అవ్వ, ఆ దారి పొడుగునా పరుగులాంటి నడకతో వచ్చిందంట. స్వతంత్రం వచ్చిన కొన్నేళ్లకు ఆ చట్టం తీసేసినారు. “తీసేసినారని చెప్పినారు సామీ. చెప్పినోళ్లు పోయినారు. యాడ ఏది పోయినా మళ్లా మా ఇండ్లకే వస్తిరి. ఇంగ పొద్దుకుంకితే నా కాళ్లు ఆగవు. లేసి నిలబడతాయి.”

ఆయన రోజూ సూర్యుడికి దండం పెట్టుకోవడం లేదు. హాజరు విజిలుకు ఎదురుచూస్తూ నిలబడుతున్నాడు. చట్టం పోయి యాభై ఏండ్లు.

నేను అదే తాలూకాలో పుట్టి, అదే తాలూకాలో చదివినదాన్ని. ఈ సంగతి మా బడిలో ఎవరూ చెప్పలేదు. మా నాయన చెప్పలేదు. ఎరుకలోళ్లు వస్తాండారు, తలుపు వేసుకోండి అని మాత్రం చెప్పేవాడు.

మా డాక్టరు అనంతపురంలో తనకు తెలిసిన ఒక మానసిక వైద్యుడికి జాబు రాసినాడు. ఆ పెద్దాయన ఒక ఆదివారం తానే కాలనీకి వచ్చి, అవ్వ కొడుకు దగ్గర రెండు గంటలు కూర్చున్నాడు. ఇది పిచ్చి కాదు, మనసుకు తగిలిన దెబ్బ అని ఇంట్లో వాళ్లకు అర్థమయ్యేటట్టు చెప్పినాడు. నిద్రకు, దిగులుకు మాత్రలు రాసినాడు. వారం వారం నేనే తీసుకుపోయి ఇచ్చి, కాసేపు కూర్చుని వచ్చేదాన్ని. ఇరవై రోజులకు నిద్ర పట్టింది. అన్నం తిన్నాడు. గోడవైపు తిరగడం మాత్రం మానలేదు. పెద్దాయనకు ఫోను చేస్తే, “నిద్ర నేను పట్టించగలను. అతనికి తన మీద తనకే అసహ్యం పుట్టింది. అది ఎవరు పోగొడతారో ఆ ఇంట్లోనే వెతకండి” అన్నాడు.

ఆ మాటకు అర్థం ఒక మధ్యాహ్నం తెలిసింది. నేను మాత్రల పొట్లం ఇచ్చి లేవబోతుంటే అతను మొదటిసారి నాతో మాట్లాడినాడు. గోడవైపు చూస్తూనే అడిగినాడు.

“నర్సమ్మా, మా తాత ముత్తాతలు దొంగలేనంట గదా. స్టేషన్లో చెప్పినారు, పుస్తకంలో ఉండాదంట. అయితే నా రక్తంలో గూడా ఉంటాది గదా. నువ్వు రక్తం చూసేదానివి, చెప్పు.”

వాకిట్లో బరిగెలు చీలుస్తున్న అవ్వకు ఆ మాట వినిపించింది. కత్తి కింద పెట్టి, గడప దాటి వచ్చి, కొడుకు ఎదురుగా గోడకు వీపు ఆనించి కూర్చుంది. ఇంక అతను ఆమె ముఖం చూడక తప్పలేదు.

“దొంగలా? ఉప్పు తెచ్చినోళ్లురా మీ తాతలు. ఈ సీమలో ఏ ఇంట్లో కూడు ఉడికినా అందులో పడింది మనం తెచ్చిన ఉప్పే.”

తర్వాత ఆమె చెప్పింది విని నేను ఇంటికి పోవడం మరిచిపోయినాను. వాళ్లను ఉప్పు ఎరుకలోళ్లు అనేవాళ్లంట. వందల ఎద్దుల మీద ఇక్కడి ధాన్యం వేసుకుని తూర్పున సముద్రం దాకా పోయేవాళ్లు. ఉప్పు వేసుకుని తిరిగొచ్చేవాళ్లు. దారిలో ప్రతి మజిలీ ఆమెకు తెలుసు. కండ్లు మూసుకుని వరసగా చెప్పుకుంటూ పోయింది. జంటగుండ్ల కాడ నీడ ఉండాది, నీళ్లు లేవు. పాము వంకలో చెలమ తీస్తే మోకాటిలోతుకు నీళ్లు. కనుమ ఎక్కేముందు ఎద్దుల గిట్టలు చూసుకోవల్ల. ఆ ఊరోళ్లు మనల్ని బావి ముట్టనియ్యరు, కింద ఏట్లో తాగల్ల. చెయ్యేరు దాటేచోట ఇసుక దిగబడుతుంది, ఎడమపక్క పోవల్ల. ఎక్కడ పులి భయం, ఎక్కడ కందులు మంచివి, ఎక్కడ బిడ్డ పుట్టి చచ్చిపోతే పాతిపెట్టినారు, అన్నీ. నేను వేళ్ల మీద లెక్కపెట్టినాను. ఇరవై ఎనిమిది మజిలీలు. చివరకు ఉప్పు మళ్లు, వాటి అవతల సముద్రం.

నువ్వు సముద్రం చూసినావా అవ్వా అని అడిగినాను. చూడలేదంది. వాళ్ల అమ్మ కూడా చూడలేదంట. రైలు వచ్చినాక ఉప్పు రైలెక్కింది. ఎద్దులు అమ్ముకున్నారు. పనిలేక ఊర్లు తిరుగుతున్నారు కాబట్టి దొంగలని రాసుకున్నారు. అప్పటినుంచి ఆ దారి మాట ఎత్తవద్దని ఇంటి మగవాళ్లు ఆన పెట్టినారంట, తిరిగేవాళ్లమని తెలిస్తే మళ్లీ పట్టుకుంటారని. కానీ ఆడవాళ్లు బరిగెలు చీల్చేటప్పుడు, వాళ్ల భాషలో, గొంతు తగ్గించి కూతుర్లకు చెప్పుకుంటూ వచ్చినారు. ఈ అవ్వకు కూతుర్లు లేరు. ఆ దారి తనతోనే పోతుందని అనుకుందంట.

నూరేండ్ల కింద ఆగిపోయిన దారి, కాగితం ముక్క మీద కూడా లేనిది, నాలుగు తరాలుగా ఆడవాళ్ల నోట్లో నడుస్తూనే ఉంది. నేను ముత్యాల అక్షరాలతో రాసిన రిజిస్టరులో ఆమె గురించి ఉన్నది ఇంతే: వయసు డెబ్బై, నిరక్షరాస్యురాలు.

కొడుకు మాత్రం నమ్మలేదు. ముసలిది తన బాధ చూడలేక కత అల్లుతోంది అనుకున్నాడు. ముఖంలోనే తెలిసిపోయింది. అవ్వకూ తెలిసింది. “మొదటి మజిలీ యాడో కాదు, అర్ధదినం నడక. రా, చూపిస్తా” అన్నది.

వారం తర్వాత తెల్లవారుజామున బయలుదేరినాము. అవ్వ, కొడుకు, కోడలు, మా డాక్టరు, మలేరియా అన్న, నేను. తాత వాకిట్లోనే ఉండిపోయినాడు. అవ్వ అంతకు ముందు ఎన్నడూ ఆ చోటికి పోలేదు. ఆ సంగతి సగం దారిలో చెప్పింది. మా డాక్టరు నావైపు చూసినాడు. అక్కడ ఏమీ లేకపోతే? ఆ మనిషికి మిగిలిన ఆ కొంచెం నమ్మకం కూడా పోతుంది. దానికీ నేనే కారణం అవుతాను. వెనక్కి తిరుగుదామని డాక్టరుతో గుసగుసగా అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపినాడు.

అవ్వ ముందు నడిచింది. ఒక గుట్ట కనపడితే ఆగి, పెదవులు కదిలించి, ఎడమకు తిరిగేది. ఒక వంక వస్తే దాని ఒడ్డు పట్టుకునేది. పొద్దు నెత్తిమీదికి వచ్చేసరికి ఒక మిట్ట ఎక్కినాము. దాని పేరు ఉప్పోళ్ల మిట్ట. ఆ పక్క పల్లెకు నేను ఎన్నోసార్లు పోయినాను. నేల చౌడు కాబట్టి ఆ పేరు వచ్చిందనుకున్నాను. అక్కడ అంతా సర్కారు కంప, మనిషి దూరడానికి సందు లేదు. అవ్వ అక్కడే నిలబడి, ఈడనే అన్నది. “రాతి తొట్లు ఉండల్ల. వరసగా.”

ఏమీ కనిపించలేదు. కొడుకు చాలాసేపు ఆ కంపవైపు చూసినాడు. తర్వాత పెండ్లాం చేతిలో కొడవలి తీసుకుని నరకడం మొదలుపెట్టినాడు. అది ఆశతో చేసిన పని కాదు. ఏమీ లేదని తేల్చేయాలని చేసినట్టుంది. మలేరియా అన్న చొక్కా విప్పి పక్కన చేరినాడు. ఇద్దరికీ చేతులు గీరుకుని రక్తాలు కారుతున్నా ఆగలేదు. గంట పైన అయింది. కొడవలి రాయికి తగిలి ఠంగుమన్నది.

మన్ను తీసినారు. నల్లరాతిని తొలిచి చేసిన తొట్టి. నిలువెత్తు మనిషి పడుకునేంత పొడుగు. దాని పక్కన ఇంకొకటి. దాని అవతల ఇంకొకటి. పొద్దు వాలేసరికి పదకొండు తొట్లు బయటపడినాయి. అన్నింటి అంచులూ నున్నగా, లోపలికి వంగి అరిగిపోయి ఉన్నాయి. ఎద్దుల మెడలు ఆనించి ఆనించి రాయి అట్లా అరగాలంటే ఎన్ని ఎద్దులు తాగాలి, ఎన్ని ఏండ్లు తాగాలి? మా డాక్టరు చెప్పులు విడిచి నిలబడినాడు. ఎందుకు విడిచినాడని తర్వాత అడిగితే, విడిచినట్టు తనకే తెలియదన్నాడు.

మేము కంప నరుకుతున్న చప్పుడు విని ఒక ముసలి గొర్రెలకాపరి వచ్చినాడు, కురుబాయన. గొంగడి భుజాన వేసుకుని ఆ తొట్లను చూసి, ఇవేనా అవి అన్నాడు. ఏవి అని అడిగినాను. “ఉప్పోళ్ల తొట్లు. మా నాయనను కన్న జేజి చెప్తాండె. ఉప్పోళ్ల గంటలు వినపడితే ఊర్లో ఆడోళ్లు చాటలెత్తుకోని ఎదురు పోతాండిరంట, చుట్టాలొచ్చినట్టు.”

ఆ మాట ఎవరూ నేర్పించి చెప్పించింది కాదు. మేమెవరమో, ఎందుకొచ్చినామో ఆయనకు తెలియను కూడా తెలియదు. అవ్వ కొడుకు ఒక తొట్టి అంచున కూర్చున్నాడు. అరిగిన చోట అరచేయి పెట్టి అటూ ఇటూ రుద్దినాడు. మనందరం ఏదో జరుగుతుందని చూస్తుంటాం గదా, నేనూ అట్లాగే చూసినాను. అతను ఏడవలేదు. తల్లివైపు తిరిగి మామూలు గొంతుతో అడిగినాడు.

“ఎన్ని ఎద్దులుమా మనకు?”

అవ్వ చెప్పింది. ముందు ఎద్దుకు ఏం పేరు పెడతారని అడిగినాడు. చెప్పింది. రెండో మజిలీ ఎంత దూరం అన్నాడు. తిరుగుదారి పొడుగునా అతను అడుగుతూనే ఉన్నాడు, ఆమె చెప్తూనే ఉంది. వాళ్ల వెనక కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నడుస్తూ ఉంది.

ఒక్కరోజుతో జబ్బు నయమైందని మాత్రం అనుకోవద్దండి. అట్లా చెప్పేవాళ్లను నమ్మొద్దు. రెండేళ్లు మాత్రలు వాడినాడు. రోడ్డుమీద జీపు పోతే మళ్లీ గోడవైపు తిరిగిన రోజులున్నాయి. కానీ రెండో నెలలో గంప అల్లినాడు. అవ్వ చెప్తుంటే ఇరవై ఎనిమిది మజిలీలూ నోటికి పట్టినాడు. కాలనీలో ఆడ, మగ అందరూ సాయంత్రాలు ఆమె చుట్టూ కూర్చునేవాళ్లు. తాత కూడా వచ్చేవాడు. పొద్దుకుంకేవేళ ఆయన కాళ్లు లేచేవి, ఎవరో ఒకరు చేయి పట్టుకుని కూర్చోబెట్టేవాళ్లు. కొన్నిరోజులు కూర్చునేవాడు, కొన్నిరోజులు నిలబడేవాడు. ఆయన పోయేదాకా అంతే. అన్నీ నయం కావు.

నేను అక్కడినుంచి గార్లదిన్నె వైపు బదిలీ అయ్యే ముందు సంవత్సరం, ఒక సంతరోజు, అవ్వ కొడుకు నా సబ్‌సెంటర్‌కు వచ్చినాడు. సంతలో అతని సైకిలు ఎవరో ఎత్తుకుపోయినారంట. స్టేషనుకు పోయి ఫిర్యాదు ఇవ్వాలి, తోడు రాగలవా నర్సమ్మా అన్నాడు. చొక్కా గుండీలన్నీ పెట్టుకుని ఉన్నాడు. నేను చెప్పులేసుకుని బయలుదేరినాను. అదే స్టేషను. గేటు దగ్గరికి పోయినాక అతను ఆగి రెండుసార్లు ఊపిరి పీల్చుకున్నాడు.

“నువ్వు ఈడనే ఉండు నర్సమ్మా. నేను పోతా” అన్నాడు.

లోపలికి పోయినాడు. అరగంట అయింది. నేను గేటు బయట ఎండలో నిలబడి ఎన్ని దేవుళ్లకు మొక్కుకున్నానో లెక్కలేదు. బయటికి వచ్చేటప్పుడు అతని చేతిలో రాసిచ్చిన రసీదు ఉంది. అక్కడ ఎవరో కొత్త రైటరంట, పాతవాళ్లెవరూ లేరంట. దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుంటూ, నాతోనో తనతోనో చెప్పినట్టు అన్నాడు.

“కుర్చీలో కూచోని చెప్పినా.”

సైకిలు దొరకలేదు. దానికోసం అతను పెద్దగా బాధపడినట్టు కూడా నాకు కనిపించలేదు.